ఒక్క రాత్రి పందెమా, ఏడాదంతా పందెమా?



మిర్చి రేట్లు, పురుగు మందుల గోల పక్కనపెట్టి ఇవాళ వేరే సంగతి రాస్తున్నా. పోస్టు పొడుగైంది, తీరికున్నప్పుడు చదువుకోండి. విషయం స్పీడ్‌వే. మట్టి మీద జరిగే మోటార్‌సైకిల్ పందెం. మన దగ్గర లేదు. ఇంగ్లండు, స్వీడన్, డెన్మార్క్, పోలండ్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ వాళ్లకి మాత్రం ప్రాణం.

నాకు ఈ పిచ్చి ఎలా పట్టిందంటారా? మా అక్క కొడుకు పోలండ్‌లో లుబ్లిన్ అనే ఊళ్లో చదువుకుంటున్నాడు. ఓ ఆదివారం స్టేడియంలో కూర్చుని వీడియో కాల్ చేశాడు. "మావయ్యా, ఇది చూడు, బళ్లకి బ్రేకుల్లేవు" అన్నాడు. అంతే. అప్పట్నుంచి మోటారు దగ్గర కరెంటు కోసం కాచుకునే రాత్రుళ్లు పాత ఫైనల్స్ అన్నీ ఫోన్లో వెతికి వెతికి చూశా.

ముందు ఆట చెప్తా. కోడిగుడ్డు ఆకారంలో మట్టి బాట. నలుగురు రైడర్లు, నాలుగు చుట్లు, అంతా ఎడమ చేతి మలుపులే. పందెం మొత్తం ఒక నిమిషం, అటూ ఇటూ. బండి 500 సీసీ, ఒకటే గేరు. పెట్రోలు కాదు, మిథనాల్ పోస్తారు. బ్రేకుల్లేవన్నానుగా, మరి మలుపెలా తిరుగుతాడు? వెనక చక్రాన్ని కావాలనే జార్చి బండిని అడ్డంగా పడేస్తాడు. బండి ఎడమకి పోతుంటే ముందు చక్రం కుడికి తిరిగి ఉంటుంది. ఎడమ బూటుకి ఇనప తొడుగు, దాన్ని నేలకి ఆనించి రాసుకుంటూ పోతాడు. మనకి బాగా నచ్చే ముక్క ఇంకోటుంది. నాలుగు పందేలకోసారి ట్రాక్టరు దిగి బాట చదును చేస్తుంది. ట్యాంకరుతో తడుపుతారు. తడి ఎక్కువైతే ఒక రకం, ఆరిపోతే ఇంకో రకం. పదును చూసుకోవడం మనకే కాదు, వాళ్లకీ ఉంది.

జావా బండి గుర్తుందా? మైసూరులో తయారయ్యేది, తర్వాత యెజ్డీ అయింది. మా నాన్న పాల క్యాన్లు కట్టుకుని తిరిగింది దాని మీదే. ఆ జావా అసలు కంపెనీ చెకోస్లొవేకియాది. వాళ్లే ఈ స్పీడ్‌వే బళ్లు కూడా చేశారు. ప్రపంచ చాంపియన్లు ఎందరో ఆ పేరున్న బండి మీదే గెలిచారు. ఇది తెలిశాక మా నాన్న కూడా నా పక్కన చేరి చూడ్డం మొదలెట్టాడు.

ఇక అసలు సంగతికొస్తా. చాంపియన్ ఎవరో ఎలా తేలుస్తారు?

పాత పద్ధతిలో ప్రపంచ ఫైనల్ అంటే ఏడాదికి ఒకటే రాత్రి. 16 మంది రైడర్లు, 20 పందేలు. ఒక్కొక్కడికి ఐదు. మొదటివాడికి 3 పాయింట్లు, రెండోవాడికి 2, మూడోవాడికి 1, కడపటివాడికి సున్నా. ఇందులో లెక్క చూడండి. ఐదు పందేలు, పందేనికి ముగ్గురు ప్రత్యర్థులు, అంటే పదిహేను మంది. ప్రతివాడూ మిగతా అందరితో సరిగ్గా ఒక్కోసారి తలపడతాడు. ఈ చార్టు రాసినవాడెవరో గానీ వాడికి దణ్ణం పెట్టాలి. ఇద్దరికి సమానంగా వస్తే వాళ్లకి మళ్లీ పందెం.

కాకపోతే మొదటి ఫైనల్లోనే తిరకాసు పడింది. 1936, లండన్ వెంబ్లీ. ఆస్ట్రేలియా వాడు బ్లూయీ విల్కిన్సన్ ఆ రాత్రి ఐదుకి ఐదూ గెలిచాడు. పదిహేనుకి పదిహేను. అయినా చాంపియన్ కాలేదు! ముందు జరిగిన పోటీల బోనస్ పాయింట్లు కలిపితే మూడో స్థానానికి పోయాడు. అదే దేశం వాడు లయొనెల్ వాన్ ప్రాగ్, ఇంగ్లండు వాడు ఎరిక్ లాంగ్టన్ సమానంగా నిలిస్తే, మళ్లీ పెట్టిన పందెంలో వాన్ ప్రాగ్ గెలిచాడు. ఆ రాత్రి ఒక్కడి చేతిలోనూ ఓడనివాడు ఖాళీ చేతుల్తో ఇంటికి పోయాడు. విల్కిన్సన్ 1938లో మళ్లీ వచ్చి టైటిల్ కొట్టాడనుకోండి. ఇందులో నాకు తోచింది ఒకటే. బండి తోలేది రైడరే, కానీ ఎవడు మొనగాడో తేల్చేది రూలు రాసిన కాగితం.

ఆ ఒక్క రాత్రి పద్ధతిలోనే మహామహులు పుట్టారు. స్వీడన్ వాడు ఓవె ఫుండిన్ ఐదుసార్లు గెలిచాడు. న్యూజీలాండ్ వాడు బారీ బ్రిగ్స్ నాలుగుసార్లు. అదే దేశం నుంచి ఐవాన్ మేజర్ 1968, 69, 70 వరసగా మూడు, మళ్లీ 1972, 1977, 1979, మొత్తం ఆరు. నాకు అందరికంటే ఇష్టం ఈయనే. తాడు లేచే క్షణంలో ఆయన బండి మీద వంగిన తీరు చూడాలి. ఏమాత్రం తొందర ఉండదు. తొందరపడి తాడు తాకితే ఆ పందెంలోంచి తీసేస్తారు మరి.

అలాంటి మేజర్ కూడా 1973లో పోలండ్‌లోని హోజూవ్ స్టేడియంలో దెబ్బతిన్నాడు. లక్షకు పైగా జనం. ఆయనకీ, ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోని పోలండ్ కుర్రాడు యెజీ ష్చాకెల్‌కీ సమానంగా వచ్చాయి. మళ్లీ పందెం పెట్టారు. మేజర్ దాటబోయి కిందపడ్డాడు. ష్చాకెల్ పోలండ్‌కి మొదటి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ తర్వాత ఎప్పుడూ అతను మళ్లీ ఆ టైటిల్ గెలవలేదు. ఒకటే రాత్రి, ఒకటే టైటిల్. అది దొంగ గెలుపు అంటే నేనొప్పుకోను. బాట అందరికీ ఒకటే, రూలు అందరికీ ఒకటే.

ఇంకోవైపు డెన్మార్క్ వాడు హాన్స్ నీల్సన్‌ని చూడండి. 1985లోనూ, 1988లోనూ సమానంగా నిలిచి, మళ్లీ పందెంలో తన దేశం వాడే అయిన ఎరిక్ గుండర్సన్ చేతిలో ఓడాడు. 1994లో ముగ్గురు సమానమైతే స్వీడన్ వాడు టోనీ రికార్డ్సన్ చేతిలో ఓడాడు. ఒక్కో నిమిషం తేడాతో మూడు టైటిళ్లు పోయాయి! అయినా మనిషి వదల్లేదు. 1986, 1987, 1989లో గెలిచాడు. ఇందులో 1987 ఫైనల్ ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండు రోజులు జరిగింది. ఇక గుండర్సన్ కథ కళ్లనీళ్లు తెప్పిస్తుంది. మూడుసార్లు చాంపియన్ అయినవాడు, 1989లో బ్రాడ్‌ఫర్డ్‌లో జట్ల ఫైనల్ మొదటి పందెంలోనే నలుగురూ గుద్దుకుంటే చావు అంచు దాకా వెళ్లొచ్చాడు. మళ్లీ పందేనికి ఎక్కలేదు. బ్రేకుల్లేని బండి అని సరదాగా చెప్పుకుంటాం గానీ, దానికి వాళ్లు కట్టే వెల ఇది.

1995లో పద్ధతి మార్చేశారు. ఒక్క రాత్రి ఫైనల్ తీసేసి గ్రాండ్ ప్రీ పెట్టారు. ఏడాది పొడుగునా వేరే వేరే ఊళ్లలో పోటీలు, అన్నిటి పాయింట్లూ కలిపి చాంపియన్. ఆ కొత్త పద్ధతిలో మొట్టమొదట గెలిచిందెవరో తెలుసా? ముందటేడు నిమిషంలో టైటిల్ పోగొట్టుకున్న హాన్స్ నీల్సనే! ఇక 1994లో ఒక్క రాత్రి చాంపియన్ అయిన రికార్డ్సన్, కొత్త పద్ధతిలో మరో ఐదు కొట్టి మేజర్ ఆరుకి సమానమయ్యాడు. గట్టివాడు ఏ పద్ధతిలోనైనా గట్టివాడే. పద్ధతి మారితే పైకి తేలేది, ఒక్క దెబ్బకి మునిగిపోయేవాడు.

ఇప్పటి సంగతి చెప్తా. పోలండ్ వాడు బార్తోష్ జ్మర్జ్లిక్ 2019 నుంచి 2024 లోపు ఐదుసార్లు చాంపియన్. మా మేనల్లుడుండే లుబ్లిన్ క్లబ్బు తరఫునే తోలతాడు. 2023లో టైటిల్ దాదాపు చేతికొచ్చిన సమయంలో డెన్మార్క్ పోటీలో వేసుకోవాల్సిన డ్రెస్సు వేసుకోలేదని బయటికి పంపేశారు. ఆ పోటీలో ఒక్క పాయింటూ లేదు. పాత పద్ధతైతే ఆ ఏడు అక్కడితో సరి. కొత్త పద్ధతి కాబట్టి తర్వాతి పోటీలో నిలబడి టైటిల్ నిలుపుకున్నాడు.

పాతతరం అభిమానులు మాత్రం ఒక్క రాత్రి ఫైనల్లో ఉన్న ఉత్కంఠ ఇప్పుడేదీ అంటారు. నిజమే. ఆ వీడియోలు చూస్తుంటే నాకూ గుండె దడదడలాడుతుంది. చూసేవాడికి ఒక్క రాత్రి బాగుంటుంది. తోలేవాడికి ఏడాది పద్ధతే న్యాయం.

ఇదంతా ఎందుకు రాశానంటే, మన ఊళ్లో రెండు మాటలు నడుస్తున్నాయి.

ఒకటి, తిరునాళ్ల బండలాగుడు. ఏడాదంతా ఉలవలు పెట్టి మేపిన జత, ఒకేసారి బరిలోకి దిగుతుంది. చీటీలో ఏ నంబరొస్తే అదే. పొద్దున చల్లటి పూట దిగిన జతకీ, మిట్టమధ్యాహ్నం ఎండలో దిగిన జతకీ అడుగులు ఒకటే కొలత. ఈసారి కమిటీ పెద్దల్ని ఒకటే అడగబోతున్నా. మొదటి విడతలో ముందొచ్చిన నాలుగు జతలకి సాయంత్రం చల్లబడ్డాక రెండో విడత పెట్టండి. రెండిటి అడుగులూ కలిపి చూడండి. ఎడ్లకి నడుమ విశ్రాంతి ఉండాలి, అది ముందు మాట.

రెండోది ఇంకా పెద్దది. మా చేను పక్కన ఓ కుర్రాడు మూడెకరాలు కౌలుకి పట్టి మొదటిసారి మిర్చి వేశాడు. కాయ ఎర్రబడే సమయానికి తుపానొచ్చి కొట్టుకుపోయింది. అప్పట్నుంచి రచ్చబండ దగ్గర ఒకటే మాట, "వాడికి సేద్యం చేతకాదు, పొలం ఇంకొకరికి ఇచ్చేయడం మేలు" అని. ఆ కుర్రాడి నారుమడి నేను చూశా. మందు కొట్టిన తేదీలు, పెట్టిన తడులు పుస్తకంలో రాసుకుంటాడు. మనలో ఎంతమందిమి రాస్తాం? ఒక్క తుపానుతో వాడి లెక్క తేల్చేస్తే, అది వాడి ఓటమి కాదు, మనం పెట్టిన రూలు చేసిన పని. వాడికింకా నాలుగు పందేలున్నాయి.

పొలం యజమాని కూడా ఈ పేజీ చదువుతాడని నాకు తెలుసు. అన్నా, కౌలు మాట ఉగాదికి కదా తేలేది. ఈలోపు ఒక్కసారి ఆ కుర్రాడి పుస్తకం తెప్పించుకుని చూడు.