పెరటిలోని గుంజలు

పచ్చళ్ళను గూర్చియు, కుట్టుపనిని గూర్చియు, శిశుపోషణమును గూర్చియు మన పత్రికలలో వ్యాసములు తఱచుగా వచ్చుచుండును. పెరటిలో పాతిన గుంజను గూర్చి వ్రాసినవారు అరుదు. అది చూచుటకు వట్టి కట్టె. పూయదు, కాయదు. కాని పెరటిలో పూచి కాచు వానిలో సగము దాని నానుకొనియే బ్రదుకును. బీరపాదు, చిక్కుడుపాదు, కాయల బరువునకు నేలకొరగు టమాట మొక్క, పాలిచ్చు గేదె, ఆరవేసిన చీరలు, వీని కన్నిటికిని గుంజయే ఆధారము. కావున సోదరీమణులకు దానిని గూర్చి నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పదలచితిని.

మా ఇటిక్యాల కృష్ణా తుంగభద్రల నడుమ నున్న సీమలోనిది. ఈ సీమను నడిగడ్డ యందురు. పూర్వము మహబూబునగరు జిల్లాలో నుండి, 2016లో నేర్పడిన జోగులాంబ గద్వాల జిల్లాలో చేరినది. ఇచ్చట కొన్ని చేలు ఎఱ్ఱనేలలు, కొన్ని నల్లరేగడులు. గుంజ పాతువారు మొదట చూడవలసినది ఈ భేదమునే. రేగడి వేసవిలో ఎండి బీటలు వాఱును, వానకు మరల ఉబ్బును. ఆ కదలికలో గుంజ చుట్టును సందు ఏర్పడి, అది పంటి వలె ఊగులాడును. అందుచేత రేగడిలో గుంత మఱికొంత లోతుగా త్రవ్వి, గుంజ చుట్టును మొరము వేసి, గడ్డపార మొదటితో దిమ్మిసవలె కొట్టవలయును. సామాన్యముగా గుంజ పొడవులో మూడవ వంతు నేలలో నుండుట మేలు. ఆరడుగుల పందిరికి తొమ్మిదడుగుల గుంజ కావలయునన్నమాట.

ఒక ఆషాఢమున వీచిన గాలికి మా వీధిలో మూడిండ్ల పాదుల పందిళ్ళు కూలినవి. ఒక ముసలమ్మ పందిరి మాత్రము చెక్కుచెదరలేదు. సొరకాయలు, బీరకాయలు అమ్మి ఆమె తన మందుల ఖర్చు గడుపుకొనుచుండెను. అందుచేత ఆ పందిరి ఆమెకు వేడుక గాదు, జీవనము. "అవ్వా, నీ పందిరెట్ల నిలిచింది?" అని నేనడిగితిని. "పైన కనబడేదాంట్ల ఏముంది బిడ్డా? బలమంతా మన్నుల ఉన్నదాంట్లనే ఉంటది" అని యామె బదులు చెప్పినది. ఈ విషయమున నేను చదివిన పుస్తకములు కూడ ఇంతకంటె ఎక్కువ చెప్పలేదు.

లోతు తరువాత చూడవలసినది చేవ. చెట్టు మాను నడుమ ముదురురంగుతో గట్టిపడిన కొయ్యను చేవ యందురు. బెరడు నంటియుండు తెల్లని కొయ్య మెత్తనిది, చెదలకును బూజునకును ప్రియమైనది. నల్లతుమ్మ, టేకు, వేప మొదలగు వాని ముదురుకొమ్మలలో చేవ దొరకును. ఎంత లావు కట్టెయైనను లేతదైనచో ఎక్కువకాలము నిలువదు. మనుష్యులను గూర్చి కూడ మనవారు "చేవగలవాడు" అని యందుకే యనిరి కాబోలు.

గుంజ చివికిపోవుట నేలమట్టము నొద్దనే మొదలగును. అడుగున తడి యున్నను గాలి చాలదు. పైన గాలి యున్నను తడి నిలువదు. రెండును కలియు చోట శిలీంధ్రములు పెరిగి కొయ్యను తినివేయును. కావున గుంజ మొదట నీరు నిలువకుండ మట్టిని కొంచెము గుట్టగా పోయవలయును. కొన కాల్చి పాతు నలవాటు కొన్ని చోట్ల కలదు. పైపొర నల్లబడును గాని బీటల గుండ లోనికి తడి చేరుచునే యుండును, దానినే నమ్ముకొనరాదు. వెదురునకు వేఱొక శత్రువు పుచ్చు. కోసిన వెదురును కొన్ని వారములు నీట నానవైచినచో లోని పిండిపదార్థము కరిగిపోయి పుచ్చు పట్టుట తగ్గును.

చిన్న మొక్కల ఊతకు పెద్ద కొయ్య అక్కఱలేదు. కందికట్టెలు చాలును. మా ప్రాంతమున విత్తనపు పత్తి విస్తారముగా పండును గనుక పత్తికట్టెయు విరివిగా దొరకును. కాని దానిని పెరటిలో కుప్పవేసి నిలువ చేయరాదు. కట్టెకు మిగిలిన కాయలలో గులాబి రంగు కాయతొలుచు పురుగు దాగియుండి మఱుసటి పైరునకు వ్యాపించును.

టమాటకు ఊతకోలను మొక్క నాటిన నాడే పాతుట మంచిది. ఆలస్యమైనచో వేళ్ళు తెగును. మొక్కకు నాలుగంగుళముల దూరమున, గాలి వచ్చు వైపున, మాకు వానకాలమున పడమటి వైపున, పాతినచో గాలికి మొక్క కోలపై ఒరసికొనదు. కట్టుటకు తీగ పనికిరాదు, కాండమును కోయును. పాత నూలుచీర అంచు చింపి, ఎనిమిది అంకె ఆకారమున, ఒక చుట్టు కోలకును ఒక చుట్టు మొక్కకును, వ్రేలు దూరునంత వదులుగా కట్టవలయును. కాయ నేలకు తగులక కుళ్ళు తగ్గును, గాలి యాడి తెగుళ్ళును కొంత తగ్గును, కోయుటయు సులభము.

2015లో తెలంగాణ ప్రభుత్వము హరితహారము ప్రారంభించిన పిమ్మట మామిడి, జామ, వేప మొక్కలు అనేక గృహములకు చేరినవి. అట్టి మొక్కకు ఇరుప్రక్కల రెండు కోలలు పాతి, నడుమ వదులుగా కట్టవలయును. కదలకుండ బిగించిన మొక్క పొడవు పెరుగును గాని లావెక్కదు. గాలికి కొంచెము ఊగిన కాండమే బలపడును. సుమారు ఒక యేడాదికి మొక్క తనంత నిలువగలిగినపుడు ఊత తీసివేయవలయును. తీయక మఱచిన కట్టు బెరడులోనికి దిగి చెట్టునే ఉరివేయును. బిడ్డలను పెంచు తల్లులకు ఇంతకుమించి నేను చెప్పనక్కఱలేదు.

గుంజ మృతకాష్ఠమే కానక్కఱలేదు. మునగకొమ్మ నఱికి వానకు ముందు పాతినచో వేరుదన్ని చిగిర్చును. ఊతయు కూరయు రెండును దొరకును. తమలపాకు తోటలలో అవిసెచెట్లనే తీగలకు ఊతగా పెంచుట తెలుగునాట చిరకాలపు వాడుక. వావిలి కొమ్మలను వరుసగా నాటిన అది జీవకంచె యగును. దాని ఘాటునకు పశువులు సాధారణముగా నోరు పెట్టవు. మా ఊరి కంచెలలో నేడు విరివిగా కనబడు సర్కారుతుమ్మ మాత్రము మన దేశపు చెట్టు కాదు. 1877 ప్రాంతమున జమైకా నుండి విత్తనములు తెప్పించి కడప మండలమున నాటగా, క్రమముగా ఇంత దూరము ప్రాకినది. దాని కట్టె గట్టిది, కాని పచ్చిది పాతి మొలకెత్తనిచ్చినచో పెరడంతయు ముండ్లడవి యగును.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. చీరలారవేయు దండెమునకు ఇనుపతీగ కట్టి, దాని యొక కొనను కరెంటు స్తంభమునకో, ఇంటికి తీగ వచ్చు గొట్టమునకో ముడివేయుట పల్లెలలో కలదు. వానకాలమున తీగ తొడుగు చినిగినచో విద్యుత్తు దండెములోనికి దిగును. తడిచీర పట్టుకొన్న యిల్లాలు పడిపోవును. ఆమెను లాగబోయినవారును పడిపోదురు. ఇట్టి మరణములు తెలుగునాట ప్రతి వానకాలమును వినవచ్చుచునే యున్నవి. రెండు వేపగుంజలు వేఱుగా పాతి, నూలుత్రాడో నైలానుత్రాడో కట్టుట ఒక పూట పని. తడికొయ్యయు విద్యుత్తును ప్రసరింపజేయును గనుక ఆ గుంజలు కరెంటుతీగలకు దూరముగా నుండవలయును. అడవిపందుల బెడదకు కంచెతీగలో కరెంటు పెట్టుటయు ఇట్టి ఘాతుకమే. చట్టవిరుద్ధము, తన వారినే చంపునది.

మఱియొక జాగ్రత్త చిన్నదే. వంగి కాయలు కోయునపుడు సన్నని కోల కొన కంటికి తగులవచ్చును. ప్రతి కోల మీదను ఒక కొబ్బరిచిప్పనో, గుడ్డయుండనో తొడుగుడు. పనిదీరిన కోలలను నేలమట్టమున విఱిచి వదలక పెఱికి, మట్టి దులిపి, చూరుక్రింద నిలువ బెట్టుడు. ఏరువాక నాటికి అవియే మరల పనికివచ్చును.