మూసీ వెంబడి ఒక ఆదివారం

హాస్టల్లో ఆదివారం అంటే బట్టలు ఉతుకుడు, పండుడు. పోయిన వారం మా మోత్కూర్ దోస్తు బండి ఇస్తే, పొద్దుగాలనే పురానాపూల్ దిక్కు పోయిన. పనేం లేదు, ఊకెనే.

ఆ వంతెన 1578 నాటిది. చార్మినార్ కంటే 13 ఏండ్లు పెద్దది! అక్కడ బండి ఆపి కాసేపు నడిచిన. ఆడినుంచి సిటీ కాలేజీ, హైకోర్టు పక్కనుంచి మెల్లగ నయాపూల్ దాటి ఉస్మానియా దవాఖానకు వచ్చిన. లోపల ఒక చింతచెట్టు ఉంది, తప్పక చూడండి. 1908 సెప్టెంబర్ 28 వరదల దాన్ని పట్టుకొని నూటయాభై మంది దాకా పాణాలు దక్కించుకున్నరంట. ఆ వరద తర్వాతనే గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టిన్రు.

నయాపూల్ మీద అందరూ ముక్కు మూసుకొని పోతున్నరు. ఒకాయన "ఇది నదా, మోరీ" అన్నడు. నాకు మా యాడి యాదికొచ్చింది. వలిగొండ దిక్కు నాట్లకు కూలి పోతది. ఈ నీళ్లే అక్కడి మడులల్ల పారుతయి. సంగెం భీమలింగం కాడ నురుగు తెల్లగ లేస్తది. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లకు కొబ్బరినూనె రాసుకుంటది, దురద తగ్గాలని. సిటీల వాసన అయిదు నిమిషాలే. యాడికి పొద్దంతా.

ఒడ్డు మీద లైట్లు, పార్కులు మంచిగనే ఉంటయి, కాదనను. ముందు నీళ్లు బాగుచేసి కిందికి వదలాలె.

మన గ్రూపుల కెమిస్ట్రీ చదివే అన్నలు, అక్కలు ఉన్నరా? వచ్చే ఆదివారం సంగెం పోదాం. నీళ్లు సీసాలల్ల పట్టుకొచ్చి పరీక్ష చేయిద్దాం. బండ్లు రెండున్నయి, ఇంకొకటి కావాలె.