సూళ్లూరుపేటలో రెండు హెల్మెట్లు

సూళ్లూరుపేట వాళ్లకు ఆకాశం వంక చూడటం కొత్త కాదు. రాకెట్ లేచే రోజున మిద్దెలన్నీ జనంతో నిండిపోతాయి. అంతకుముందే ఇస్రో పెద్దలు వచ్చి కాళంగి ఒడ్డున చెంగాళమ్మకు పూజ చేయించుకుని వెళ్లి ఉంటారు. ఈ ఊరి చూపంతా పైకి పోయేదాని మీదే. నేను వెళ్లింది మాత్రం పైనుంచి కిందికి దూకే ఒక కుర్రవాడిని చూడ్డానికి.

అతనిది ఈ ఊరే. దుబాయ్‌లో ఒక స్కైడైవింగ్ కేంద్రంలో పారాచూట్లు మడతపెట్టే ఉద్యోగం. వేరేవాళ్ల పారాచూట్లు మడిచీ మడిచీ, జీతంలోంచి కొంచెం కొంచెం తీసి తనూ దూకడం నేర్చుకున్నాడు. ఇప్పుడు ఫ్రీఫ్లై మొదలుపెట్టాడు. సెలవు మీద వచ్చాడని తెలిసి ఫోన్ చేస్తే, "మా అన్న అంగడికి రండి సార్, ఆడనే ఉంటా" అన్నాడు. వాళ్లన్నది హెల్మెట్ల అంగడి. ఇంతకంటే కలిసొచ్చేది ఏముంటుంది?

అంగడి పెద్దదేం కాదు. ముందు తాడుకు గుత్తులుగా వేలాడే టోపీ రకాలు, లోపల అరల్లో డబ్బాల్లో ఖరీదైనవి. బేరమంతా తడ, మాంబట్టు, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టులకు పోయే కుర్రాళ్లదే. నేనున్న కాసేపట్లోనే ఇద్దరొచ్చి ఒకే మాట అడిగారు: "పోలీసోళ్లకు చూపించేదానికి ఒకటియ్యన్నా." అన్న వాదించలేదు. కౌంటర్ కిందినుంచి రంపంతో నిలువునా కోసిన హెల్మెట్ సగం ముక్క తీసి వాళ్ల ముందు పెట్టాడు. పైన పలచటి ప్లాస్టిక్ పెంకు, దాని కింద వేలెడు మందాన నల్లటి థర్మాకోల్, ఆ లోపల గుడ్డ. "పెంకు గట్టిదని కొట్టి చూస్తారు జనం. కాపాడేది పెంకు కాదు, ఈ థర్మాకోలు. ఇది నలిగితేనే మన బుర్ర నలగదు. ఒకసారి నలిగిందంటే మళ్లీ పనికిరాదు" అన్నాడు. ఇద్దరిలో ఒకడు డబ్బా హెల్మెట్ కొన్నాడు. రెండోవాడు తాడుమీదిదే తీసుకుపోయాడు.

2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని టూవీలర్ హెల్మెట్ తయారుచేయడం, అమ్మడం నేరం. దీనికి ప్రమాణం ఐఎస్ 4151. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ నెత్తిన హెల్మెట్ ఉండాలంటుంది గాని గడ్డం కూడా మూయమని అడగదు. ఓపెన్ ఫేస్ అయినా ఐఎస్ఐ ఉంటే చాలు. కానీ రోడ్డు మీద పడేవాడి గడ్డం చట్టం చదివి పడదు కదా. హెల్మెట్లకు తగిలిన దెబ్బల్లో దాదాపు మూడోవంతు గడ్డం వైపే ఉంటాయని జర్మనీలోని హానోవర్‌లో జరిగిన ప్రమాదాల అధ్యయనం ఎప్పుడో చూపించింది. కాబట్టి రోడ్డు సంగతిలో నాకు అనుమానమేం లేదు, ఫుల్ ఫేసే. అన్నదీ అదే మాట. అయితే గోడకు మేకున వేలాడుతున్న ఆయన సొంత హెల్మెట్ మాత్రం ఓపెన్ ఫేస్. అడిగితే నవ్వేశాడు. "మే నెల్లో మా ఊరికి రండి సార్, అప్పుడు చెప్తా."

ఇక తమ్ముడు తెచ్చిన రెండూ కౌంటర్ మీదికొచ్చాయి. ఒకటి కార్బన్ ఫైబర్ ఓపెన్ ఫేస్, చెవుల దగ్గర చిన్న జేబులు, గడ్డానికి కప్పులాంటి పట్టీ, విడిగా ఒక జత గాగుల్స్. రెండోది స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకున్న ఫుల్ ఫేస్, ముఖమంత గ్లాసుతో. దాన్ని చేతిలోకి తీసుకుంటే ఆశ్చర్యమేసింది. బైకు హెల్మెట్‌తో పోలిస్తే సగం బరువు కూడా ఉన్నట్టు లేదు. పైన గీతలు, కొమ్ములు, గాలి రంధ్రాల మూతలు ఏవీ లేవు. గుండులా నున్నగా ఉంది.

"బరువుంటే మెడ పోతాది సార్" అన్నాడు. పారాచూట్ విచ్చుకునేటప్పుడు మూడు నాలుగు సెకన్లలో వేగమంతా పోతుంది. ఆ కుదుపులో తల మీది ప్రతి గ్రాము మెడను లాగుతుంది. నున్నగా ఎందుకంటే, పొడుచుకొచ్చిన ప్రతిదానికీ తాడు తగులుకునే వీలుంది. అందుకే బైకు హెల్మెట్ పెట్టుకుని విమానం ఎక్కనివ్వరు. ఈ హెల్మెట్ పెట్టుకుని హైవే ఎక్కడం ఇంకా పెద్ద తెలివితక్కువ పని. ఎందుకో తర్వాత చూపించాడు.

ఫ్రీఫ్లై అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మామూలు స్కైడైవర్ బోర్లా పడుకున్నట్టు చేతులు చాపి పడతాడు. వేగం గంటకు 190, 200 కిలోమీటర్ల దగ్గర నిలబడుతుంది. ఫ్రీఫ్లైలో కూర్చున్నట్టు, నిలబడినట్టు, తలకిందులుగా, ఎలాగైనా పడొచ్చు. 1990లలో ఓలాఫ్ జిప్సర్ అనే జర్మన్ ఈ పద్ధతికి ఒక రూపం ఇచ్చాడు. తలకిందులుగా పడేటప్పుడు గాలికి ఎదురయ్యే ఒళ్లు తక్కువ కాబట్టి వేగం 250 దాటి 290 దాకా పోతుంది. ఈ భంగిమలన్నిట్లో గాలి ముఖానికి ఎదురుగా రాదు, గడ్డం కిందినుంచో నెత్తిమీదినుంచో దూరుతుంది. గాగుల్స్ పైకి లేస్తాయి, పట్టీ జారుతుంది, బుగ్గలు కొట్టుకుంటాయి. నాలుగు కిలోమీటర్ల ఎత్తున నేలకంటే పాతిక డిగ్రీల చలి ఎక్కువ. ఫుల్ ఫేస్‌కు గిరాకీ పెరగడానికి మొదటి కారణం ఈ గాలే.

దాని రుచి చూపిస్తానని నన్ను పులికాట్ రోడ్డుకు తీసుకెళ్లాడు. ఊళ్లోంచి శ్రీహరికోటకు సుమారు 18 కిలోమీటర్లు, అందులో చాలా భాగం సరస్సు మధ్య కట్టమీద పోతుంది. శీతాకాలం కాబట్టి రెండు వైపులా నీళ్లు, దూరాన మడమల్లోతు నీళ్లలో ఫ్లెమింగోల వరస. నాకు కావాలనే ఓపెన్ ఫేస్ ఇచ్చాడు, కళ్లద్దాలు తీయించాడు. అటకానితిప్ప చేరేసరికి పక్కగాలికి కళ్లనిండా నీళ్లు. బండి యాభై మీదే పోతోంది. "ఇది యాభై. ఆడ రెండొందల యాభై" అన్నాడు. వేగం ఐదింతలైతే గాలి తోపుడు ఐదింతలు కాదు, ఇరవై ఐదింతలు.

బండి ఆపి తూర్పుకు చూపించాడు. 2025 ఆగస్టు 24న ఆ పక్కనే, శ్రీహరికోట దగ్గర, చినూక్ హెలికాప్టర్ 4.8 టన్నుల డమ్మీ గగన్‌యాన్ మాడ్యూల్‌ను మూడు కిలోమీటర్ల ఎత్తునుంచి వదిలిపెట్టింది. మన కుర్రవాడికి రాకెట్లంటే పెద్ద పట్టింపు లేదు గాని ఈ పరీక్ష గురించి మాత్రం మనిషి వెలిగిపోయాడు. "పది పారాచూట్లు సార్! పైమూత పీకేవి రెండు, నిలకడకు రెండు, పెద్దవాటిని లాగేవి మూడు, పెద్దవి మూడు. ఒక్కోటి ఇరవై ఐదు మీటర్లు. మూడింట్లో ఒకటి విచ్చుకోకున్నా రెండు చాలు." అంత గుడ్డను ఎవరు, ఎన్నాళ్లు మడిచారో అన్నదే అతని ఆలోచన. అది ఆగ్రాలోని డీఆర్‌డీఓ ప్రయోగశాల పని అని చెబితే, అక్కడ ప్యాకర్ ఉద్యోగాలేమైనా పడతాయా అని నన్నే అడిగాడు.

తిరిగి అంగడికొచ్చాక అసలు చర్చ మొదలైంది. అన్న ఒక్క మాటతో తేల్చేశాడు: "దానికింత పంచాయతీ ఎందుకు రా? ఫుల్ ఫేస్ కొనుక్కో." తమ్ముడు జవాబివ్వకుండా అరువు హెల్మెట్ తిరగేసి, లోపలి గుడ్డను బొటనవేలితో పక్కకు తోశాడు. నేనూ వంగి చూశాను. గుడ్డ, ఒక పొర మెత్తటి స్పాంజి, వెంటనే పెంకు. థర్మాకోల్ లేదు. అన్న కూడా వేలుపెట్టి నొక్కి చూసి, "ఏందబ్బయా, ఇందులో ఏముండాది?" అన్నాడు. కోసిన ముక్క చూపించి రోజూ పాఠం చెప్పే మనిషికి ఆ ఖాళీ అందరికంటే ముందు అర్థమైంది.

ఇది నకిలీ సరుకేం కాదు, పేరున్న కంపెనీదే. స్కైడైవింగ్‌లో చాలాకాలం ఫుల్ ఫేస్ హెల్మెట్ పని గాలిని ఆపడం, విమానం తలుపుకో తోటివాడి మోచేతికో తల చిన్నగా తగిలితే గీరుకోకుండా చూడటం. అంతవరకే. గట్టి దెబ్బను మింగే పని దానికి ఎవరూ అప్పగించలేదు. ఫ్రాన్స్‌లో స్కైడైవింగ్ హెల్మెట్ల కోసమే ఎక్స్‌పీ ఎస్ 72-600 అనే ప్రమాణం వచ్చింది. ఆస్ట్రేలియాకు చెందిన కుకీ కంపెనీ జీ4 ఆ పరీక్ష నెగ్గింది, అదే కంపెనీ పాత మోడల్ జీ3కి ఆ ముద్ర లేదు. రెండూ పక్కపక్కన పెడితే కొత్తవాడికి పెద్ద తేడా తెలియదు. పారాగ్లైడింగ్ వాళ్లకున్న ఐరోపా ప్రమాణం ఈఎన్ 966 వేరు.

ముఖం మూసి ఉంది కాబట్టి తల భద్రం అనుకోవడం దగ్గరే నా పేచీ. ఫ్యాషన్ ఈ పొరపాటును ఇంకా పెంచుతుంది. పెద్ద గ్లాసు వెనక మనిషి వీరుడిలా కనిపిస్తాడు, ఫొటోలు బాగుంటాయి. 1968 జర్మన్ గ్రాండ్ ప్రిలో డాన్ గర్నీ ఫార్ములా వన్‌లో తొలిసారి ఫుల్ ఫేస్ పెట్టుకున్నప్పుడు కారణం అందం కాదు. పొడుగు మనిషి, కారులోంచి ముఖం పైకి ఉండి ముందు కార్లు లేపిన రాళ్లన్నీ తగిలేవి. దెబ్బ ఎటునుంచి వస్తోందో చూసుకుని ఎంచుకున్నాడాయన.

మరి ఫ్రీఫ్లైలో దెబ్బ ఎటునుంచి వస్తుంది? నేలనుంచి మాత్రం కాదు. పారాచూట్ విచ్చుకోకుండా నేలను తాకితే ఏ హెల్మెట్ అయినా ఒకటే. దెబ్బ తోటివాడి నుంచి వస్తుంది. నలుగురు తలకిందులుగా 260 వేగంతో కలిసి పడుతున్నారనుకోండి. ఒకడు పట్టు తప్పి బోర్లా తిరిగాడా, రెండు మూడు సెకన్లలో వాడి వేగం 190కి పడిపోతుంది. స్కైడైవర్లు దీన్ని కార్కింగ్ అంటారు. వాడి పైన ఉన్నవాడు మాత్రం 260తోనే వస్తున్నాడు. అంటే గంటకు డెబ్బై కిలోమీటర్ల తేడాతో ఒకడి మోకాలు ఇంకొకడి ముఖానికి. పళ్లూ దవడా ఒక్కటే కాదు, గాలిలో స్పృహ తప్పినవాడు పారాచూట్ హ్యాండిల్ లాగలేడు. గుంపుగా ఎగిరేవాళ్లకు గడ్డం కప్పే, దెబ్బ మింగే హెల్మెట్ కావాలనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

అయినా ఓపెన్ ఫేస్‌ను తీసిపారేయడానికి కుర్రవాడు ఒప్పుకోలేదు. అతని లెక్కలు వేరు. పారాచూట్ విప్పాక పక్కవాడు అరిస్తే వినపడాలి. గాలి చప్పుడులో తేడానుబట్టి వేగం తెలుస్తుంది, అనుభవం ఉన్నవాళ్లు చెవితోనే సగం తెలుసుకుంటారు. మెయిన్ పారాచూట్ చిక్కుపడితే దాన్ని వదిలించే హ్యాండిల్ కుడి ఛాతీమీద, రిజర్వ్ పారాచూట్‌ది ఎడమవైపు, రెండూ కళ్లతో చూసి పట్టుకోవాలి. ఫుల్ ఫేస్‌లో గడ్డం కిందికి వంచితే ముందుభాగం (చిన్ బార్) ఛాతీకి తగిలి చూపు ఆగిపోతుంది. నన్ను పెట్టుకుని చూడమన్నాడు. నిజమే, చొక్కా రెండో గుండీ కనిపించలేదు. విమానం ఎక్కేటప్పుడు ఊపిరికి గ్లాసు మసకబారుతుంది, తలుపు తెరిచేదాకా కొంచెం ఎత్తి ఉంచాలి. సరిగా మూయడం మరిచిపోతే గాలిలో ఎగిరి తెరుచుకుంటుంది. నేర్చుకునేవాళ్లకు ఓపెన్ ఫేస్ ఇవ్వడానికి ఇంకో కారణం ఉంది: శిక్షకుడికి వాళ్ల కళ్లు, నోరు కనిపించాలి. భయపడ్డవాడు నోటితో ఊపిరి తీస్తాడు.

రెండిట్లోనూ ఉండాల్సింది చెవిదగ్గర జేబు. అందులో ఆడిబుల్ అని చిన్న ఎత్తుమీటరు పెడతారు. ముందే పెట్టుకున్న ఎత్తులు రాగానే కీచుమంటుంది. తలకిందులుగా ఉన్నప్పుడు మణికట్టు మీటర్ చూసుకునే తీరిక ఉండదు, కాలమూ త్వరగా పోతుంది. 13,000 అడుగుల నుంచి బోర్లా పడితే నిమిషం దొరికేచోట ఫ్రీఫ్లైలో నలభై, నలభై ఐదు సెకన్లే. జేబు వదులైతే ఆడిబుల్ చెవికి దూరం జరిగి, ఫుల్ ఫేస్ హోరులో మోగిందో లేదో తెలియదు. ఈ చిన్న జేబును చూసుకోకుండా గ్లాసు రంగు చూసి కొనేవాళ్లే ఎక్కువని అతని ఫిర్యాదు.

హైదరాబాద్ గండిపేట దగ్గర ఇప్పుడు నిలువు గాలి సొరంగం ఉంది. అక్కడికి పోయేవాళ్లకు ఈ తలనొప్పి లేదు. పారాచూట్ కుదుపూ లేదు, హ్యాండిళ్లూ లేవు. ఒంటరిగా సాధన చేసేవాళ్లు హాయిగా ఫుల్ ఫేస్ పెట్టుకోవచ్చు. టాండెంలో శిక్షకుడికి కట్టుకుని ఒక్కసారి దూకి వచ్చేవాళ్లకైతే వాళ్లేది ఇస్తే అదే.

అన్న రెండు హెల్మెట్లనూ తమ్ముడి తలకు పెట్టి, రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. హెల్మెట్‌తోపాటు బుగ్గల చర్మం కూడా కదలాలి, చర్మం నిలబడి హెల్మెట్ ఒక్కటే తిరిగితే సైజు పెద్దదన్నమాట. ఓపెన్ ఫేస్ సరిపోయింది. అరువుది వేలెడు వదులు. "ఇది నీది కాదు, ఇచ్చెయ్" అన్నాడు. బైకు కుర్రాళ్లకు చెప్పే పరీక్షే, ఆకాశానికీ పనికొచ్చింది.

జీ4 ధర ఎంతని అడిగి, విని, అన్న కాసేపు ఏం మాట్లాడలేదు. ఆ డబ్బుతో మంచి ఐఎస్ఐ హెల్మెట్లు ఎన్నొస్తాయో కౌంటర్ మీద వేళ్లతో లెక్క వేశాడు. తమ్ముడి మనసులో అప్పటికే లెక్క అయిపోయింది. దెబ్బ మింగే ఫుల్ ఫేసే కొంటాడు, కానీ రెండు మూడు నెలల జీతంలో మిగిల్చాక. అందాకా ఓపెన్ ఫేస్‌తోనే దూకుతాడు, తలకిందుల సాధన ఒంటరిగానే చేస్తాడు, ఎవరు పిలిచినా గుంపులోకి పోడు. "పోనని మాటియ్యి" అన్నాడు అన్న. తమ్ముడు వెంటనే ఇవ్వలేదు. ఇద్దరైతే పర్వాలేదేమోనన్నాడు, ఆ సంగతి మీద మళ్లీ వాదన మొదలైంది.