బెల్లం పొయ్యి దగ్గర పురుగుల కబుర్లు

రండి, ఇలా పొయ్యికి కాస్త దగ్గరగా జరగండి. పాడేరు కొండల మీంచి దిగే చలి మొదట తగిలేది మా మాడుగులకే. పుష్యమాసం రాత్రిళ్లు బెల్లం పెనం పక్కన దొరికే వెచ్చదనం ఇంకెక్కడా దొరకదు. పొయ్యిలో చెరకు పిప్పి మండుతోంది, పైన పాకం పొంగుతోంది. ఊరి పేరు వినగానే మీ మనసు హల్వా మీదికి పోయి ఉంటుంది. అదీ తెప్పిస్తాను, తొందరేం లేదు. ముందు మీ భుజం మీద వాలిన ఆ పురుగును నలిపేయకండి. ఊదితే అదే పోతుంది. ఈ రాత్రి దాని గురించీ, దాని చుట్టపక్కాల గురించీ మీతో మాట్లాడాలని ఉంది.

మనకు సీతాకోకచిలుకంటే ముద్దు. తేనెటీగంటే గౌరవం. పట్టుపురుగు పేరు చెబితే ధర్మవరం చీర గుర్తొస్తుంది. మిగిలినవన్నీ చెప్పు కింద పడాల్సినవే అన్నట్టు పెరిగాం. ఇంకో ప్రాణి ఒంట్లో చేరి దాన్ని తిని బతికేదంటే మరీ ఏవగింపు. కానీ భూమ్మీద తెలిసిన జంతుజాతుల్లో నూటికి 40 దాకా ఏదో ఒక దశలో ఇంకో జీవి మీద ఆధారపడి బతికేవేనని శాస్త్రవేత్తల అంచనా. అంత పెద్ద సంఖ్యలో ఉన్నవాటికి ప్రకృతిలో పని లేకుండా ఉంటుందా? ఉంది. ఆ పని ఫలితం కొంత మీ ఎదురుగా ఈ పెనంలోనే ఉడుకుతోంది.

చెరకు నాటాక తొలి మూడు నెలలూ రైతుకు పీక పురుగు భయం. దాని తల్లి రాత్రిపూట తిరిగే చిన్న రెక్కల పురుగు. ఆకు అడుగున వరసలుగా గుడ్లు పెడుతుంది. గుడ్డు పగిలి వచ్చిన పిల్ల లేత పిలకలోకి తొలుచుకుంటూ పోతుంది. మొవ్వు ఎండిపోతుంది. ఎండిన మొవ్వును పట్టి లాగితే చేతికి ఊడి వస్తుంది, దానితోపాటే కుళ్లు కంపూ వస్తుంది. ఆ కంపు తెలియని చెరకు రైతు మా వైపు ఉండడు. పిల్ల పిలక లోపలికి చేరిన తరవాత పైన ఎంత మందు చల్లినా దానికి తగలదు. కాబట్టి దాన్ని ఆపాలంటే గుడ్డు దశలోనే ఆపాలి.

ఆ గుడ్డును వెతికి పట్టే ప్రాణి ఒకటుంది. పేరు ట్రైకోగ్రామా. కందిరీగల జాతిదే కానీ మనల్ని కుట్టదు, ఒళ్లంతా కలిపి అర మిల్లీమీటరు. ఎగురుతుంటే కంటికి ఆనదు. ఆడది పీక పురుగు గుడ్డు మీదెక్కి, దాన్ని తడిమి చూసి, అందులోకి తన గుడ్డు దింపుతుంది. లోపలి పిల్ల ఆ గుడ్డు సొనంతా తినేస్తుంది. మూడు నాలుగు రోజుల్లో పీక పురుగు గుడ్డు నల్లబడుతుంది. వారం పది రోజుల్లో అందులోంచి చెరకు తినే పురుగు బదులు ఇంకో ట్రైకోగ్రామా బయటికొస్తుంది, వస్తూనే మళ్లీ గుడ్ల వేటలో పడుతుంది. తొలిచేదాన్ని తొలవకముందే ఆపగలిగే కాపలా ఇది. ఇంత చక్కటి పనితనం ఏ మందు సీసాలోనూ లేదు.

ఈ ప్రాణిని పెంచి చేలోకి వదిలే పద్ధతి మన దేశంలో చాలాకాలంగా ఉంది. బియ్యంలోనూ జొన్నల్లోనూ పట్టే చిమ్మట ఒకటుంటుంది, ఇంట్లో ఆడవాళ్లు తిట్టుకుంటూ చేటలో చెరిగి పారేసేది. ప్రయోగశాలలో దాన్ని నలిపిన జొన్నల మీద కావాలని పెంచుతారు. దాని గుడ్లను అట్టకు అంటించి ట్రైకోగ్రామాకు అప్పగిస్తారు. ఒక్క అట్ట మీద దాదాపు 20,000 గుడ్లు పడతాయి. వాటినే ట్రైకో కార్డులంటారు. చల్లటి పూట ఆ అట్టను ముక్కలు చేసి చెరకు ఆకుల అడుగున గుచ్చుతారు. ఎకరానికి ఒక విడతకు 20,000 చొప్పున వారం పది రోజులకోసారి వదలాలి. ఆ ముందూ వెనకా రోజుల్లో మందు కొట్టకూడదు. కొడితే మొదట చచ్చేది ఇదే. మనకు పనికిరాని చిమ్మట, మనం చూడలేని కందిరీగ, ఈ రెండూ కలిసి మన బెల్లాన్ని కాస్తున్నాయి. వరిలో కాండం తొలిచే పురుగు మీదికీ, ఆకుముడత మీదికీ ఈ జాతివాటినే వదులుతారు.

అనకాపల్లి బెల్లం మార్కెట్టు గురించి అందరూ చెబుతారు. అదే అనకాపల్లిలో 1913 నుంచి చెరకు పరిశోధన కేంద్రం ఉందని, ఇప్పుడు అది ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ప్రాంతీయ పరిశోధన కేంద్రంగా పనిచేస్తోందని చెప్పేవాళ్లు తక్కువ. పురుగుతో పురుగును అదుపు చేసే పద్ధతులపై జరిగే అఖిల భారత పరిశోధనలో దానికీ భాగం ఉంది. మన పిల్లల్ని విహారానికి అరకు తీసుకెళ్తాం. దారిలో ఒక పూట ఆ కేంద్రంలో ఆగి, భూతద్దం కింద ఈ ప్రాణిని చూపించమని అడిగితే ఎంత బాగుంటుంది!

ఇంకో చెరకు పురుగు పైరిల్లా. గడ్డిరంగులో, ముక్కు ముందుకు పొడుచుకొచ్చి, ఆకు కదిపితే టపటపా గెంతుతుంది. ఆకు రసం పీల్చి తియ్యటి జిగురు వదులుతుంది. ఆ జిగురు మీద నల్లని మసిలాంటి బూజు పెరుగుతుంది. చెరకులో తీపి తగ్గుతుంది, బెల్లం సరిగ్గా గట్టిపడదు. దీన్ని అదుపులో పెట్టేది ఎపిరికానియా అనే చిన్న చిమ్మట. దాని పిల్ల పైరిల్లా వీపెక్కి కూర్చుని, అది ఎక్కడికి గెంతితే అక్కడికి తానూ పోతూ, దాని ఒంట్లోని రసం పీల్చుకుంటూ పెరుగుతుంది. పెరిగాక దిగి, ఆకు మీద తెల్లటి గూడు కట్టుకుంటుంది. ఆ తెల్ల గూళ్లు చూసి కొత్త తెగులేదో పట్టిందని హడలిపోయి మందు కొట్టేవాళ్లున్నారు. నాకు బాధ కలిగేది అక్కడే. సాయానికి వచ్చినదాన్ని దొంగనుకుని కొట్టినట్టవుతుంది.

మందు కొడితే ఏమవుతుందో కొంచెం ఓపిగ్గా వినండి, అసలు విషయం ఇక్కడే ఉంది. మందుకు పైరుపురుగూ చస్తుంది, దాన్ని తినే మిత్రపురుగూ చస్తుంది. బతికి బట్టకట్టిన నాలుగు పైరుపురుగులకు ఎదురుగా పచ్చటి చేను ఉంది, తిండికి కొదవ లేదు. మిత్రపురుగుకు మాత్రం తిండే ఆ పైరుపురుగు. అది తగ్గిపోయాక ఇది దేన్ని తిని బతకాలి? ముందు పైరుపురుగు పెరగాలి, ఆ తరవాతే దాన్ని తినేది పెరగాలి. ఈ మధ్యకాలంలో చేను కాపలా లేకుండా ఉంటుంది. పైరుపురుగు మునుపటికంటే ఎక్కువై తిరిగొస్తుంది, రైతు ఇంకో డబ్బా కొంటాడు. అప్పటి ఖమ్మం జిల్లా పునుకులలో పత్తి రైతులు ఈ సుడిగుండంలోనే అప్పులపాలై, 2000ల మొదట్లో పురుగుమందులు మానేసి ఊరంతా బయటపడ్డారు. మిత్రపురుగులు, శత్రుపురుగులు అనే మాటలు పల్లెల్లో ఈ రోజు అంతగా వినిపిస్తున్నాయంటే అలాంటి ఊళ్ల చలవే.

హల్వా వచ్చింది, తీసుకోండి. వేడిగా ఉంది, మెల్లగా.

భ్రమరకీటక న్యాయం విన్నారు కదా? పురాణం చెప్పేవాళ్ల నోట వినని తెలుగువాళ్లు అరుదు. కందిరీగ ఒక పురుగును తెచ్చి మట్టిగూట్లో పెడుతుంది. పురుగు భయంతో దాన్నే తలుచుకుని తలుచుకుని చివరికి తానే కందిరీగ అయిపోతుంది. దేన్ని ధ్యానిస్తే అదే అవుతామని చెప్పడానికి వేదాంతులు ఈ పోలిక తెచ్చారు. వాళ్లు కంటితో చూసింది నిజం. లోపలికి పోయింది పురుగు, బయటికి వచ్చింది కందిరీగ. మూసిన గూట్లో జరిగేది మాత్రం వేరు. తల్లి కందిరీగ గూట్లో తన గుడ్డు పెట్టి, ఆకుపచ్చని గొంగళిపురుగుల్ని కుట్టి కదలకుండా చేసి, తెచ్చి అందులో నింపి, మట్టితో మూత వేస్తుంది. పిల్ల వాటిని తిని పెరిగి, గోడకు కన్నం చేసుకుని వెళ్లిపోతుంది. వేదాంతానికి దీనివల్ల వచ్చే లోటేమీ లేదు. మన పెరటి గోడ మీద మట్టిగూడు కట్టినప్పుడు అందులో మన వంగ, టమాటా ఆకులు తినే పురుగులు బందీలై ఉండొచ్చని తెలిస్తే మాత్రం కర్ర పట్టుకుని పరిగెత్తం.

మేడిపండుదీ ఇదే గోల. వేమన పద్యం పుణ్యమా అని దాని కడుపులోని పురుగులకు తరతరాలుగా చెడ్డపేరు. మేడిలో మనం పండు అనుకునేది నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. అందులోకి పోయే దారి ఇరుకైన చిన్న కన్నం. ఆ కన్నంలో దూరేటప్పుడు ఓ చిన్న ఆడ కందిరీగ రెక్కలు ఊడిపోతాయి. అది లోపలి పూలకు తాను మోసుకొచ్చిన పుప్పొడి అంటించి, కొన్నింటిలో గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. పుట్టిన మగవాటికి రెక్కలే ఉండవు. జతకట్టడం, ఆడవాటికి బయటికి దారి తవ్వడం, చావడం, వాటి జీవితం అంతే. ఆడవి పుప్పొడి మోసుకుని ఇంకో చెట్టుకు పోతాయి. ఆ పురుగు లేకపోతే మేడికి గింజ కట్టదు. వాగుల వెంట మేడిచెట్లు ఏడాదిలో పలుమార్లు కాస్తాయి. ఎండాకాలంలో ఇంకేమీ దొరకని రోజుల్లో పిట్టలూ గబ్బిలాలూ కోతులూ వాటి మీదే బతుకుతాయి. పిల్లలకు ఆ పద్యం చెప్పేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పండి. పద్యం నీతి చెడదు.

గోదావరి జిల్లాల పామాయిల్ తోటల్లోనూ ఒక పురుగు కథే ఉంది. ఆ చెట్టు ఆఫ్రికా నుంచి వచ్చింది. దాని పూలకు పుప్పొడి అంటించే చిన్న ముక్కుపురుగు మాత్రం వెంట రాలేదు. మలేషియా 1981లో దాన్ని కామెరూన్ నుంచి తెప్పించుకుంది, మన దేశంలో 1985లో కేరళలో వదిలారు. అంతకుముందు మనుషులు చేత్తో పుప్పొడి చల్లాల్సి వచ్చేది. కోకో పూలకూ పురుగులే దిక్కు, వాటికి పుప్పొడి అంటించేవి నుసుముల్లాంటి చిట్టి ఈగలు.

అలాగని ప్రతి పురుగుకూ దణ్ణం పెట్టమని నేను చెప్పను. దోమ సంగతి ఎత్తితే నా దగ్గర మొహమాటం లేదు. ఇక్కణ్ణుంచి ఘాట్ రోడ్డు ఎక్కితే వచ్చేదంతా మలేరియాతో తరాలుగా తల్లడిల్లిన మన్యం. దోమ ఒంట్లో మలేరియా క్రిమి ఉందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న తేల్చింది మన సికిందరాబాద్‌లోనే. మనిషి ప్రాణం తీసే దోమను తరమాల్సిందే. దోమతెర కట్టాలి, నిలవ నీరు తీసెయ్యాలి, జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించాలి. పట్టుపురుగును తినే ఊజి ఈగ కూడా అంతే. 1980లో కర్ణాటకలో కాలుపెట్టి దక్షిణాది పట్టు రైతుల్ని ఏడిపించింది. దాని మీదికీ ఒక పరాన్నజీవినే ఉసిగొల్పారు. నెసోలింక్స్ అనే చిన్న కందిరీగ ఊజి ఈగ గూట్లో గుడ్లు పెట్టి దాన్ని లోపలే తినిపిస్తుంది. పరాన్నజీవికి మందు ఇంకో పరాన్నజీవి అన్నమాట. కోపం ఏ పురుగు మీద చూపాలో తెలుసుకుని చూపాలి. అన్నిటి మీదా చూపితే మనకే నష్టం.

మీకు చేను ఉన్నా, పెరట్లో నాలుగు వంగ మొక్కలే ఉన్నా, మీకు నేను చెప్పుకునేది ఒకటే. మందు డబ్బా మూత తీసే ముందు ఆకు తిప్పి చూడండి. నల్లబడ్డ గుడ్లున్నాయా? పైరిల్లా పక్కన తెల్ల గూళ్లున్నాయా? కదలకుండా ఉన్న గొంగళిపురుగును అంటుకుని బియ్యపు గింజంత తెల్ల గూళ్లున్నాయా? ఉంటే మిత్రపురుగులు తమ పని చేస్తున్నట్టే. వారం ఆగండి. గట్టు మీద అలసందలూ బంతీ వేయండి, పెద్దయిన ఆ చిన్న కందిరీగలకు తాగడానికి పూలతేనె కావాలి. ట్రైకో కార్డులు ఎక్కడ దొరుకుతాయో మీ ఊరి రైతు సేవా కేంద్రంలో అడగండి. లేవంటే తెప్పించమని అడగండి. నలుగురు రైతులు కలిసి అడిగితే తెప్పిస్తారు.