పోతుంది కానీ పోదు

"బెల్టు ఆపేశాక కూడా వెనక్కి పోతుందండీ. పోతుంది, కానీ పోదు."

నలభై ఏళ్ల ఆమె భీమవరం దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో బెల్టు ముందు నిలబడి సైజులు ఏరుతుంది. గాలి సోకిందన్నారట తోటివాళ్లు. తాయెత్తు కట్టించుకునే నా దగ్గరికొచ్చింది. బీపీ, షుగరు, కంటి నరం చూశాను. అన్నీ బాగున్నాయి. "ఎంతసేపుంటుందమ్మా?" అనడిగితే, "పావు నిమిషం, మహా అయితే అర నిమిషం" అంది.

ఫోన్లో తిరిగే సుడిబొమ్మ పెట్టి, ఎడమకన్ను మూయించి, కుడికంటితో చూడమన్నాను. బొమ్మ ఆపి కన్ను మార్పించాను. "ఈ కంటిక్కూడా తిరుగుతోందండీ!" అని ఉలిక్కిపడింది. అసలు చూడని కంటికి కూడా అంటుకుందంటే తిరకాసు కంట్లో లేదు, మెదడులో ఉంది. తరవాత మా కాంపౌండరుని కూర్చోబెట్టాను. అతనికీ తిరిగింది. ఆమె భయం సగం అక్కడే దిగిపోయింది.

ఇది పాత వింతే. 1834లో రాబర్ట్ ఆడమ్స్ అనే ఆయన స్కాట్లండులోని ఫాయర్స్ జలపాతాన్ని కాసేపు చూసి పక్కకు చూస్తే, రాళ్లు పైకి పాకుతున్నట్టు కనిపించాయి. మన మెదడులో ఒక్కో దిక్కు కదలికకు ఒక్కో రకం కణాలున్నాయి. వస్తువు నిలకడగా ఉన్నా ఇవన్నీ కొద్దికొద్దిగా పలుకుతూనే ఉంటాయి. ఎదురెదురు దిక్కులవి సరితూగితే "కదలడంలేదు" అని తీర్పు. గంటల తరబడి కుడికి పోయే బెల్టునే చూస్తే కుడివైపు కణాల జోరు తగ్గుతుంది. బెల్టు ఆగగానే కాటా ఎడమకు మొగ్గుతుంది.

మరి "పోదు" అన్నదేమిటి? ఆమె మాటలో నాకు బాగా నచ్చింది అదే. కదలికను పసిగట్టే చోటు వేరు, వస్తువు ఎక్కడుందో చెప్పే లెక్క వేరు. మొదటిది పొరబడినా రెండోది పొరబడనక్కర్లేదు. ఇవి వేర్వేరనడానికి సాక్ష్యం ఉంది. 1983లో జర్మనీ పరిశోధకులు ఒక రోగి గురించి రాశారు: మెదడు దెబ్బతిని ఆమెకు కదలిక ఒక్కటే కనబడకుండా పోయింది. కప్పులో పోసే టీ గడ్డకట్టినట్టు కనిపించేది. ఎప్పుడు ఆపాలో తెలిసేది కాదు.

ఈ కేసు తరవాత నాకు కాస్త ధీమా ఎక్కువైంది. కొన్నాళ్లకు, దుకాణాల బోర్డులు ఎగురుతున్నాయంటూ ఒకాయన వస్తే నవ్వి పంపేశాను. ఆయనకు కదలిక ఆగాక కాదు, నడుస్తున్నంతసేపూ ఎగిరేవి, కూర్చుంటే నిలిచేవి. రెండోసారి వచ్చినప్పుడు గానీ అడగలేదు: కాలి పుండుకు వారాల తరబడి జెంటామైసిన్ సూదులు వేయించుకున్నాడట. చెవి లోపలి తూకపు యంత్రం దెబ్బతింది. అది మళ్లీ బాగుపడలేదు.

మీకు ఇలాంటిది కనిపిస్తే డాక్టరు నవ్వినా ఆగకండి. ఎప్పుడు మొదలవుతుందో, ఎంతసేపు ఉంటుందో చెప్పేదాకా కుర్చీలోంచి లేవకండి.