నీరు పల్లమెరుగు, భయం కూడా

పోయిన భాగంలో బుడమేరు కథ రాశాను. మైలవరం కొండల వైపు నుంచి వచ్చి కొల్లేరులో కలిసే ఆ వాగుని బెజవాడ దుఃఖదాయని అని ఎందుకంటారో, దాని దారిలో ఉన్న ఇళ్లు ఎవరివో చెప్పాను. ఈ భాగం నీళ్లు తీశాక జరిగిన సంగతి. కెమెరాలు వెళ్లిపోయాయి. పడవలు వెళ్లిపోయాయి. భోజనం పొట్లాలు ఆగిపోయాయి. అసలు భయం అప్పుడు మొదలైంది. దాని గురించి మన మీటింగుల్లో మనం పెద్దగా మాట్లాడుకోలేదు.

ఇప్పుడెందుకంటే, మళ్లీ ఆగస్టు వస్తోంది. మొన్న మధ్యాహ్నం క్లాసు జరుగుతుండగా మబ్బు పట్టింది. వెనక బెంచీలోంచి ఒకబ్బాయి లేచి, "సార్, నేను ఇంటికెళ్లాలి" అన్నాడు. వాళ్లిల్లు రాజరాజేశ్వరిపేట. "వెళ్లు నాన్నా" అన్నాను. వాడి వెనకే పాయకాపురం అమ్మాయి ఒకతి లేచింది. మిగతా పిల్లలకి ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆ నిమిషంలో నా అరచేతులకీ చెమట పట్టింది.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. 2024 ఆగస్టు 31న కుండపోత వాన. బుడమేరు మళ్లింపు కాలవకి గండ్లు పడ్డాయి. సెప్టెంబర్ 1 ఆదివారం సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక అన్నీ నీళ్లలో ఉన్నాయి. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం, అప్పటిదాకా ఎప్పుడూ చూడనంత. హెలికాప్టర్లు వచ్చాయి, డ్రోన్లు వచ్చాయి. సైన్యం కూడా చెయ్యి వేస్తే సెప్టెంబర్ 7కి మూడో గండి పూడింది. మెయిన్ రోడ్డు దాకా వచ్చిన పడవ మా లోపలి సందుల్లోకి రావడానికి ఎన్ని పూటలు పట్టిందో ఆ సందుల్లో ఉన్నవాళ్లకి తెలుసు.

తర్వాత లెక్కలు మొదలయ్యాయి. కింద వాటా మునిగితే 25 వేలు, పై వాటాల వాళ్లకి 10 వేలు. బండికింత, ఆటోకింత. ఫైరింజన్లు వచ్చి ఇళ్లల్లో బురద కడిగాయి. అవన్నీ అవసరమే, వచ్చినంతవరకు మంచిదే. కానీ ఇంటికొచ్చి రాసుకున్న కాగితంలో ఫ్రిజ్జు ఉంది, మంచం ఉంది, కుట్టు మిషను ఉంది. నిద్ర అనే గడి లేదు.

నా సంగతి చెప్తాను. నీళ్లు తీసిన మూడో వారం. అర్ధరాత్రి పై వాటా వాళ్ల ట్యాంకు నిండి నీళ్లు పొర్లుతున్నాయి. నాకు పూర్తిగా మెలకువ వచ్చేసరికి నేను కుర్చీ ఎక్కి ఉన్నాను, సర్టిఫికెట్ల పెట్టె అటక మీద ఉంది. అమ్మ లైటేసి, "ట్యాంకురా, పొర్లేది ట్యాంకు" అంటోంది. గుండె కొట్టుకోవడం ఆగడానికి అరగంట పట్టింది. ఆ నెలంతా అంతే. పగలు పాఠం చెప్పేవాణ్ణి. రాత్రి ఫోన్లో వాతావరణ శాఖ పేజీ పది నిమిషాలకోసారి తెరిచేవాణ్ణి.

మా సందులో అందరిదీ ఏదో ఒక రూపం. ఆటో నడిపే బాబాయ్ బండిని ఇంటి దగ్గర పెట్టడం మానేసి ఫ్లైఓవర్ ఎక్కే చోట పెట్టి నడిచొచ్చేవాడు. పక్కింటి పిన్ని గడప కింద గుడ్డలు కుక్కి పడుకునేది. డిగ్రీ చదివే పిల్ల తడిసి అతుక్కుపోయిన పదో తరగతి మార్కుల లిస్టుని, కుల ధ్రువీకరణ పత్రాన్ని రోజూ ఎండలో పెట్టి, రోజూ లోపలికి తెచ్చేది. అవి ఎండిపోయి నెలైనా ఆపలేదు. కొంతమంది మగాళ్లు సాయంత్రం తాగడం పెంచారు. తాగితే ఆ పూట నిద్ర పడుతుంది. మత్తు దిగాక మూడింటికి రెట్టింపు దడతో మెలకువ వస్తుంది.

దీనికి మనవాళ్ల దగ్గర రెండు సమాధానాలు ఉన్నాయి. ఒకటి, "ప్రాణాలు దక్కాయి, దేవుడికి స్తోత్రం చెప్పుకోండి." రెండోది మన ఉద్యమ మిత్రులది. "యాంగ్జైటీ ఏంటన్నా, అవన్నీ డబ్బున్నోళ్ల జబ్బులు. మన తాతలు ఎన్ని చూశారు." మొదటి మాట చెప్పేవాళ్ల మంచితనం నాకు తెలుసు. రెండో మాట చెప్పేవాళ్ల కోపమూ తెలుసు. కానీ రెండూ కలిసి మనిషి నోరు మూయిస్తున్నాయి.

మన తాతలు చూశారు, నిజమే. చూసి ఏమయ్యారో కూడా చూడండి. మా అమ్మమ్మది దివిసీమ. 1977 నవంబర్ 19 ఉప్పెన. అధికారిక లెక్కల్లోనే దాదాపు 10 వేల మంది పోయారు. అమ్మమ్మ బతికింది, ఎనభై దాటేదాకా బతికింది. తూర్పు గాలి తిరిగిందంటే చాలు, బియ్యం డబ్బా, అగ్గిపెట్టె, రెండు చీరలు మూటగట్టి తల దగ్గర పెట్టుకునేది. చిన్నప్పుడు మేం నవ్వేవాళ్లం. ఆవిడ నలభై ఏళ్లు సగం నిద్రతోనే బతికిందని ఇప్పుడు తెలుస్తోంది. దాన్ని మనం ధైర్యం అని పిలుచుకున్నాం. అది ధైర్యమే. దానికి వైద్యం అందలేదన్నదీ నిజమే.

నీరు పల్లమెరుగు అంటారు. మెరక ఎవరిదో పల్లం ఎవరిదో ఊరు పుట్టినప్పుడే తేలిపోయిన దేశం మనది. మహద్ చెరువు నీళ్లు ముట్టుకోవడానికి 1927లో మనం పోరాడాల్సి వచ్చింది. తాగే చెరువుని మురికి చెయ్యొద్దన్న పాపానికి 1985 జూలై 17న కారంచేడులో చంపారు. కావాల్సినప్పుడు చేతికి రాని నీళ్లు, అక్కర్లేనప్పుడు మంచం ఎక్కాయి. కాబట్టి వాన చప్పుడికి నీ ఒళ్లు ఉలిక్కిపడితే అది పిచ్చి కాదు. పల్లంలో బతికే ఒంటికి ఉన్న తెలివి అది. నీ ఇల్లు ఇప్పటికీ అక్కడే ఉంది, వాగూ అక్కడే ఉంది. "భయపడకు, ఏం కాదు" అని నీతో ఎవరైనా అంటే, వాళ్లిల్లు ఎక్కడో అడుగు.

అయితే ఇక్కడితో ఆగితే సగమే చెప్పినట్టు. భయం కావలివాడి లాంటిది. కావలివాడు ఉండాలి. వాడు గాలికి ఆకు కదిలినా కేకేస్తుంటే ఇంట్లోవాళ్లు పడుకోలేరు. నిజంగా దొంగ వచ్చిన రోజున లేవడానికి ఎవరికీ ఓపిక ఉండదు. కోలుకోవడమంటే కావలివాణ్ణి తీసెయ్యడం కాదు. ఏది ఆకు, ఏది అడుగుల చప్పుడు అని వాడికి మళ్లీ నేర్పించడం.

ఇది మొదటి నెలల్లోనే ఎందుకు ఎక్కువ? నీళ్లలో ఉన్నప్పుడు భయపడే తీరిక లేదు. పిల్లల్ని ఎత్తుకోవాలి, ముసలివాళ్లని మేడ ఎక్కించాలి, తాగే నీళ్లు చూసుకోవాలి. ఒంటికి కాస్త భద్రం అనిపించాకే లోపల దాచింది బయటికి వస్తుంది. తిమ్మిరెక్కిన కాలు చూడండి. మొద్దుబారినంతసేపు నొప్పి ఉండదు. రక్తం మళ్లీ పారడం మొదలయ్యాకే సూదులు గుచ్చినట్టు ఉంటుంది. "ఆ రోజు బానే ఉన్నాను కదా, ఇప్పుడేంటి ఇలా?" అని చాలామంది పిల్లలు నన్ను అడిగారు. కోలుకునేటప్పుడు ఇలా ఉండటం మామూలే. నాలుగు రోజులు బాగుండి ఐదో రోజు మళ్లీ కింద పడటమూ మామూలే.

నాకు, మా సందుకి పనికొచ్చినవి చెప్తాను. ఇవి మంత్రాలు కావు.

దడ మొదలైనప్పుడు ఒకే ప్రశ్న వేసుకోవాలి. ఈ నిమిషంలో నేను చెయ్యగలిగిన పని ఏదైనా ఉందా? ఉంటే చెయ్యి. సర్టిఫికెట్లు, ఆధార్, బ్యాంకు పుస్తకం, అమ్మ షుగరు మాత్రలు, టార్చిలైటు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టు. అన్ని కాగితాలూ ఫోటో తీసి ఇంకొకళ్ల ఫోన్లో కూడా ఉంచు. ఏ మేడకి వెళ్లాలో ముందే ఆ ఇంటివాళ్లతో మాట్లాడు. ఈ పని ఒక్కసారి చేస్తే చాలు. పదోసారి అదే కవరు విప్పి చూస్తున్నావంటే అది జాగ్రత్త కాదు, దడ నీచేత చేయిస్తున్న పని.

చెయ్యగలిగింది ఏమీ లేకపోతే ఒంటిని చూసుకో. దడలో మనం తెలియకుండానే గబగబా ఊపిరి తీస్తాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, కళ్లు తిరుగుతాయి. చచ్చిపోతున్నానేమో అనిపిస్తుంది. ఊపిరి తీసుకునే దానికంటే వదిలేది నిదానంగా, పొడుగ్గా ఉండాలి. ఐదు నిమిషాలు అలా చేస్తూ, కాళ్లు నేలకి ఆనించి, నేల పొడిగా ఉందని చేత్తో తడిమి చూసుకో. నవ్వొస్తే రానీ. నేనిప్పటికీ తడిమి చూసుకుంటాను. గుండె నొప్పి చేతికో దవడకో పాకుతుంటే మాత్రం అది దడేనని అనుకుంటూ కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

వాతావరణం రోజుకి రెండుసార్లు చూడు, పొద్దున, సాయంత్రం. అధికారిక హెచ్చరికలు చాలు. "బుడమేరుకి మళ్లీ గండి" అని పాత వీడియోలు పంపే గ్రూపుల్ని మ్యూట్‌లో పెట్టు.

తప్పించుకోవడం మెల్లగా తగ్గించుకో. వాన పడ్డ రోజల్లా కాలేజీ మానేస్తే ఆ పూట హాయిగా ఉంటుంది, తర్వాతి వానకి భయం ఇంకా పెరుగుతుంది. క్లాసులోంచి వెళ్లిన ఆ అబ్బాయితో తర్వాత ఒక మాట అనుకున్నాం. మబ్బు పట్టగానే ముందు ఇంటికి ఫోన్ చేస్తాడు. వాళ్లమ్మ బానే ఉందంటే పావుగంట కూర్చుంటాడు. ఆ తర్వాత కూడా వెళ్లాలనిపిస్తే వెళ్తాడు. రెండుసార్లు వెళ్లాడు. మూడోసారి గంట కొట్టేదాకా కూర్చున్నాడు.

కార్యకర్తలకి ఒక మాట. బాధితుల దగ్గరికి వెళ్లి "ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పండి" అని మళ్లీ మళ్లీ తవ్వకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని సారం మూడు మాటలు: చూడు, విను, కలుపు. అవసరం ఏంటో చూడాలి. చెప్తే వినాలి. సాయం దొరికే చోటుకి కలపాలి. చెప్పమని బలవంతం చెయ్యకూడదు. మన నిజనిర్ధారణ కమిటీలకి ఇది మొదటి పాఠం కావాలి.

ఎక్కువమందికి ఈ దడ వారాల్లో దానంతటదే తగ్గుతుంది. నెల దాటినా పీడకలలు, కళ్లముందు మళ్లీ జరుగుతున్నట్టు అనిపించడం, పని చేసుకోలేకపోవడం ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. చావాలన్న ఆలోచన వస్తే నెల దాకా ఆగొద్దు, అదే రోజు వెళ్లాలి. టెలిమానస్ నంబరు 14416. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. డాక్టర్ మందులు రాస్తే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ దడకి సాధారణంగా రాసే మందులు పనిచెయ్యడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో కొందరికి గాభరా కాస్త పెరుగుతుంది కూడా. చాలామంది అక్కడే మానేస్తారు. మానకండి, డాక్టర్‌కి చెప్పండి. తగ్గాక కూడా మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి.

సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఎందుకంటే ఇది హక్కు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రభుత్వ ఖర్చుతో నడిచే మానసిక వైద్యాన్ని ప్రతి మనిషికీ హక్కుగా ఇచ్చింది. కులం పేరుతో వివక్ష ఉండకూడదని ఆ సెక్షన్లోనే రాసి ఉంది. భూమి పట్టా అడిగినట్టే, స్కాలర్‌షిప్ అడిగినట్టే దీన్నీ అడగాలి. వరద నష్టం రాసుకునే కాగితంలో నిద్ర అనే గడి కూడా ఉండాలని అడగాలి. కట్టలు గట్టి చెయ్యమని అడగడం మానేసి ఊపిరి వ్యాయామం చేసుకోమని నేను చెప్పడం లేదు. రాత్రి నిద్రపోయినవాడే పొద్దున కలెక్టరేట్ ముందు నిలబడగలడు.

నేను చదువుకున్నది తెలుగు సాహిత్యం. మనవాళ్లు రాసిన దాంట్లో నెత్తురు ఉంది, డప్పు ఉంది, పోరాటం ఉంది. ఆ తర్వాత నెలల్లో పట్టని నిద్ర గురించి తక్కువ ఉంది. కారంచేడు నుంచి వచ్చినవాళ్లు చీరాలలో ఒకే చోట ఉన్నారు. ఆ శిబిరం నుంచే దళిత మహాసభ లేచింది. ఆ చరిత్రని మనం ఉద్యమంగా చెప్పుకుంటాం. నాకు అందులో ఇంకొకటి కూడా కనబడుతుంది. ఒకళ్లు ఉలిక్కిపడి లేస్తే పక్కన ఇంకొకళ్లు ఉన్నారు. మా అమ్మమ్మకి దొరకనిది అదే. ఆవిడ కావలి ఆవిడొక్కతే కాసుకుంది.

అందుకని మా సందులో ఈ ఏడు ఒక పని చేశాం. పెద్ద వాన హెచ్చరిక ఉన్న రాత్రి ఎవరెప్పుడు మేలుకుని ఉండాలో వంతులు వేసుకున్నాం. ఇద్దరేసి, రెండేసి గంటలు. కాలవ నీటి మట్టం కనుక్కోవడం, అవసరమైతే తలుపులు తట్టడం వాళ్ల పని. నాదీ ఆటో బాబాయ్‌దీ రెండు నుంచి నాలుగు. ఆ టైములో మీకెవరికైనా నిద్ర పట్టకపోతే ఫోన్ చెయ్యండి, మాట్లాడుకుందాం. మిగతా టైములో చెయ్యకండి. నేను పడుకుంటాను.

జై భీమ్.