రెండు మెట్ల నడుమ



మూడు మాసాలుగా ఇక్కడ ఏమీ రాయలేదు. విషయం లేక కాదు. ఉన్న విషయం ఒక తెలుగు పండితుడు ఎత్తుకోదగినదేనా అన్న సంకోచం చేత. సంధులూ సమాసాలూ చెప్పి విరమించినవాడిని, నేడు తుపాకి తూటాలను గురించి రాయబోతున్నాను. జన్మలో తుపాకి పట్టినవాడిని కాను, ఇకమీదట పట్టబోయేదీ లేదు. అయినా ఈ మాట ఎవరితోనైనా చెప్పుకోకపోతే నాకు తోచేటట్టు లేదు. చదివి నవ్వుకున్నా మంచిదే.

2024 సెప్టెంబరులో మా అబ్బాయి వద్దకు వెళ్ళి, టెక్సాస్ రాష్ట్రంలో డాలస్ నగరానికి ఉత్తరాన ఒక శివారు ఊళ్ళో ఆరు మాసాలు ఉన్నాను. అక్కడికి వెళ్ళివచ్చిన తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కరలేదు. ఉదయం ఎనిమిది దాటితే ఇల్లంతా నిశ్శబ్దం. వీధిలో మనిషి కనబడితే అదృష్టం. అటువంటి వీధిలో తలుపు తెరిచి ఉండే చోటు ఒక్కటే: మా పక్కింటి పెద్దాయన కారు షెడ్డు. వయస్సు డెబ్బై దాటింది. పూర్వం ఏదో కర్మాగారంలో లేతు యంత్రం మీద పనిచేసి విరమించినవాడు. ఆయనది నిదానమైన ఇంగ్లీషు, నాది పుస్తకాల ఇంగ్లీషు. ఆ రెండింటికీ ఎలాగో పొత్తు కుదిరింది. ఒకనాడు లోపలికి రమ్మని చేయి ఊపితే వెళ్ళాను. బల్లకు బిగించిన ఇనుప ప్రెస్సు, దాని పక్కన డబ్బా నిండా ఇత్తడి తూటాలు!

కోడలు భయపడింది. “మామయ్యగారూ, అదంతా మందుగుండు వ్యవహారం, జాగ్రత్తండీ” అన్నది. భయం నాకూ ఉన్నది. మన దేశంలో 1959 నాటి ఆయుధచట్టం ప్రకారం తుపాకికే కాదు, తూటాకూ లైసెన్సు కావాలి. అక్కడ సొంతానికి వాడుకునే తూటాలను ఎవరింట్లో వారు నింపుకోవడం మామూలు వ్యాపకం. పెద్దాయన ఏటా నవంబరు మొదటి శనివారం జింకల వేట తెరవగానే వెళ్ళే మనిషి. ఆ రోజు కోసం వేసవి నుంచీ ఈ పని.

నాకు అర్థమైనంత మేరకు చెబుతాను. తూటా అంటే మనం ఒకే వస్తువు అనుకుంటాము. నిజానికి నాలుగు: ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, ముందు గుండు. పేల్చిన తరువాత మూడూ పోతాయి, తొడుగు మిగులుతుంది. నాలుగింటిలో ఖరీదైనది సాధారణంగా అదే గనుక దానిని పారవేయక ఏరుకుని మళ్ళీ నింపుతారు. అయితే మిగిలినది మొదటి తొడుగు కాదు. ఆయన రైఫిలు .30-06 అనే జాతి. మొదటి అంకె గుండు కొలతకూ, రెండవది అమెరికా సైన్యం దానిని స్వీకరించిన 1906వ సంవత్సరానికీ గుర్తు. ఆ తూటాకు నిర్ణయించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 60,000 పౌనులు. అంత ఒత్తిడికి ఇత్తడి ఉబ్బి, తుపాకిలో తాను కూర్చున్న చాంబర్ గోడలకు అంటుకుపోయి, ఆపైన కాస్త మాత్రమే వెనక్కి తగ్గుతుంది. అంటే పేలిన తొడుగు తాను పేలిన చాంబర్ ఆకృతిని దాల్చి బయటికి వస్తుంది. దానిని నూనె రాసి, ఉక్కు అచ్చులోకి ప్రెస్సుతో దించి, మళ్ళీ సన్నబరుస్తారు. నొక్కినప్పుడు లోహం ముందుకు జరిగి మెడ పొడుగవుతుంది. 2.494 అంగుళాలు దాటకూడదు. దాటేటట్టుంటే 2.484కు కోసి సరిచేస్తారు.

సరిచేసినది సరిగా ఉన్నదో లేదో తెలిసేది ఎట్లా? అందుకొక పనిముట్టు ఉన్నది. కేస్ గేజ్ అంటారు. బొటనవేలంత లావు ఉక్కు స్తంభిక, మధ్యలో తూటా ఆకారానికి తొలిచిన రంధ్రం, అంతే. కదిలే భాగం ఒక్కటి లేదు, అంకెలు చూపే ముల్లు లేదు. తొడుగును అందులో జారవిడిస్తే, దాని భుజం (మెడ మొదలయ్యే వాలును వాళ్ళూ భుజమనే అంటారు) లోపలి వాలుకు ఆని నిలుస్తుంది. అప్పుడు తొడుగు అడుగుభాగం పైకి కనబడుతుంది. గేజ్ అంచున రెండు మెట్లు చెక్కి ఉంటాయి. అడుగు పై మెట్టుకు మించి నిలబడితే తొడుగు పొడవు ఎక్కువ. కింది మెట్టుకంటె దిగిపోతే తక్కువ. రెండు మెట్ల నడుమ ఉంటే సరి. ఆ మెట్ల మధ్య ఎడం అంగుళంలో కొన్ని వెయ్యోవంతులు మాత్రమే. తల వెంట్రుక మందం ఇంచుమించు మూడు వెయ్యోవంతులని చెబితే మీకు అంచనా అందుతుంది. కంటికి ఆనదు. పెద్దాయన గోరు అడ్డంగా పోనిచ్చి పట్టుకునేవాడు, అనుమానం వస్తే ఉక్కు స్కేలు అంచు ఆనించి వెలుతురుకు పట్టి చూసేవాడు. గేజ్ రెండవ కొసన మెడ పొడవుకు మరి రెండు మెట్లు.

పిస్తోలు తూటాలకు వేరే గేజ్ ఉన్నది. 9 మిల్లీమీటర్ల తూటాకు భుజం లేదు, తొడుగు మూతి అంచే చాంబర్‌లో ఆనుతుంది. అందులో నింపిన తూటానే వేసి చూస్తారు. చిన్న చప్పుడుతో తనంతట జారిపోవాలి, తిరగేస్తే తన బరువుతో తానే బయటపడాలి. అడుగున ఉబ్బు మిగిలినా, అంచుకు నొక్కు పడినా, గుండు వంకరగా కూర్చున్నా మధ్యలో చిక్కుకుంటుంది. పోటీలకు వెళ్ళేవారి దగ్గర ఒకేమారు నూరు తూటాలు నిలిపి చూసే రంధ్రాల దిమ్మెలు కూడా ఉంటాయట. వేలితో తాకగానే పొడుచుకు వచ్చినది తెలిసిపోతుంది.

పండితుడి బుద్ధి ఊరకుండదు గదా! నాకు ఛందస్సు గుర్తుకు వచ్చింది. గణాలు సరిపోయాయా, యతి కుదిరిందా, ప్రాస నిలిచిందా అని చూసి పద్యాన్ని పాసు చేస్తాము. లోపల కవిత్వం ఉన్నదో లేదో ఆ కొలత చెప్పదు. గేజ్ కూడా అంతే. లోపల మందు ఎంత పోశారో దానికి తెలియదు. తొడుగు నడుము లావు కూడా ఆయన రైఫిలు గేజ్‌కు పట్టదు. పేలిన తొడుగు సైతం దిగేటట్టు ఆ భాగాన్ని కాస్త వదులుగా తొలుస్తారట. “దీనికి తెలిసినది పొడవు ఒక్కటే, మిగిలినది నా బాధ్యత” అన్నాడాయన. ఈ పోలికతోనే ఒక టపా రాసి ముగించేవాడిని. కాని ఆ రోజు ఒక ప్రశ్న వేశాను.

“పొడవు ఎక్కువైతే తుపాకిలో పట్టదు, అది దోషమే. తక్కువైతే సులభంగా దిగుతుంది గదా, దానికి కింది మెట్టు దేనికి?”

ఆయన జవాబు చెప్పలేదు. పై అరలో నుంచి ఒక రేకు డబ్బా తీసి, నిలువునా రంపంతో కోసిన తొడుగు ఒకటి నా అరచేతిలో పెట్టాడు. వెలుపల అడుగుకు కొంచెం పైన చుట్టూరా సన్నని మెరుపు గీత. లోపలి వైపు సరిగ్గా అక్కడే గాడి. గోడ మందం సగానికి సగం పోయి ఉన్నది.

అప్పుడు చెప్పాడు. పొడవు ఎక్కువైన తొడుగు అపకారం చేయదు. బోల్ట్ మూసుకోదు, తుపాకి పేలదు, తప్పు అక్కడికక్కడే తెలుస్తుంది. తక్కువైనది నోరు మెదపకుండా దిగుతుంది, బోల్ట్ హాయిగా మూసుకుంటుంది, గుండు కూడా గురికే పోతుంది. కాని పేలిన క్షణంలో తొడుగు ముందు భాగం చాంబర్ గోడను పట్టుకుని కదలదు. వెనుక ఖాళీ ఉన్నది గనుక అడుగుభాగం బోల్ట్ ముఖం దాకా వెనక్కి తన్నుకుంటుంది. ఆ రెండింటి నడుమ ఇత్తడి సాగుతుంది. మళ్ళీ అచ్చులో అతిగా నొక్కుతాము, మళ్ళీ సాగుతుంది. ప్రతిసారీ లోపల కొంత సన్నబడుతుంది, వెలుపల ఏమీ తెలియదు. ఏదో ఒకనాడు అక్కడ తెగుతుంది. తెగితే ఆ వేడి వాయువు వెనక్కి, కాల్చేవాడి ముఖం వైపు రావచ్చు.

ఆయనకు ఒకసారి తెగింది. దెబ్బ తగలలేదు. తొడుగు ముందు సగం తుపాకిలోనే ఉండిపోయింది. అప్పటికి ఆయన గేజ్ వాడేవాడు కాదు. పని గట్టిగా చేయాలన్న పట్టుదలతో అచ్చును చివరంటా బిగించి దించేవాడు. తెగిన తరువాత ఆ విడతలో మిగిలినవన్నీ కోసి చూస్తే ఇంచుమించు అన్నింటిలోనూ ఆ గాడి కనబడిందట. ఒక్కటి దాచుకున్నాడు. ఇప్పుడు పేలిన తొడుగును ముందు గేజ్‌లో వేసి, కాలిపర్‌తో కొలిచి, తన రైఫిలు దానిని ఎంతకు సాగదీసిందో చూసుకుంటాడు. అక్కడి నుంచి రెండు వెయ్యోవంతులు మాత్రమే వెనక్కి నొక్కుతాడు. బోల్ట్ మూసుకునేంత, అంతకు మించి కాదు. అదీ చాలక, కొస వంచిన సన్నని తీగను లోపల పోనిచ్చి గోడ తడుముతాడు, గాడి ఉంటే కొస తగులుకుంటుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మాది శ్రీకాకుళం ప్రాంతం. భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ పొంది, సొంత జిల్లాలోనే ఉద్యోగం చేశాను. 1993లో తొమ్మిదవ తరగతి పిల్లలకు “వర్షాకాలం” అని వ్యాసం ఇచ్చాను. ఒక పిల్లవాడు రాసిన మొదటి వాక్యం ఈనాటికీ కళ్ళకు కట్టినట్టున్నది: “వాన కురిసినాదంటే మాయమ్మ బేగి లెగిసి గెడ్డకాడికి ఎల్తాది.” ఎర్రసిరాతో “బేగి” కొట్టివేసి “త్వరగా”, “లెగిసి” కొట్టివేసి “లేచి”, “గెడ్డ” కొట్టివేసి “వాగు”, “ఎల్తాది” కొట్టివేసి “వెళ్ళును” అని రాశాను. పెద్దగెడ్డ జలాశయం అని ప్రభుత్వమే రాసుకునే మాట నా ఎర్రసిరా కింద తప్పయింది! పిల్లవాడు ఎదురుచెప్పలేదు. పదవ తరగతికి వచ్చేసరికి వాడి పుస్తకంలో దిద్దడానికి ఏమీ మిగలలేదు. “నా శిష్యుడు” అని ఉపాధ్యాయుల గదిలో చూపించుకున్నాను.

వాడిప్పుడు విశాఖపట్నంలో బ్యాంకు అధికారి. 2019లో వాడి తల్లి పోయింది. పదకొండవ రోజుకు అచ్చువేయించే కార్డును నా చేత చూపించుకోవడానికి స్వయంగా వచ్చాడు. ఒక్క అక్షరం తప్పు లేదు. “మాతృమూర్తి”, “శివసాయుజ్యము”, “అశ్రునయనాలతో” అన్నీ ఉండవలసిన చోట ఉన్నాయి. గెడ్డకాడికి వెళ్ళిన ఆ తల్లి మాత్రం అందులో ఎక్కడా లేదు. పేరు మారిస్తే ఏ తల్లికైనా సరిపోయే కార్డు. ఆనాడు నేను చదివి, తృప్తిగా తల ఊపి ఇచ్చాను.

ఇందులో నన్ను నేను తప్పించుకునే ఉద్దేశం లేదు. నేనూ ఆ అచ్చులోంచి దిగివచ్చినవాడినే. కళాశాలలో చేరిన రెండవ ఏడు సెలవులకు ఇంటికి వెళ్ళి మాట్లాడుతూ ఉంటే మా అమ్మ నవ్వి, “ఏటి నాయినా, పుస్తకం సదివినట్టు మాటాడతన్నావు?” అన్నది. అది మెచ్చుకోలే అనుకున్నాను.

తిరిగివచ్చాక మార్చిలో వాడికి ఫోను చేశాను. వర్షాకాలం వ్యాసం గుర్తున్నదా అని అడిగాను. గుర్తున్నదన్నాడు. నేను అనవలసినదేదో అన్నాను. వాడు మర్యాదగా విని, “మీరు దిద్దకపోతే నాకు ఈ ఉద్యోగం వచ్చేదా మాస్టారూ?” అన్నాడు. అదీ నిజమే. పై మెట్టు దాటినదానికి బోల్ట్ మూసుకోదు, లోకం లోపలికి రానివ్వదు. నొక్కడం తప్పని నేను అనడం లేదు. కాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు. తరువాత వాడే నెమ్మదిగా అన్నాడు: “అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ మాటలు అమ్మతో మాట్లాడేవాణ్ణండీ. ఇప్పుడు ఎవరితో మాట్లాడాలి?”

దానికి నా వద్ద జవాబు లేదు.

మా మనవడికి పదేళ్ళు. వారానికొక ఉత్తరం తెలుగులో రాసి, ఫొటో తీసి పంపాలని మా ఒప్పందం. మొన్న రాశాడు: “తాతా, నాకు వర్షం చాలా ఇష్టం ఉంది. ఇక్కడ వర్షం వచ్చింది అయితే నేను నిన్ను మిస్ చేసాను.” చేయి అలవాటుగా ఎర్రకలం మీదికి పోయింది. వాక్యం నాకు అర్థమైందా అని నన్ను నేను అడుగుకున్నాను. అర్థమైంది. “చేసాను” పక్కన “చేశాను” అని ఒక్కటి రాసి, మిగిలినది ఉన్నదున్నట్టు ఉంచి, జవాబు రాశాను.

మీ బడిలో మీ పంతుళ్ళు ఎర్రసిరాతో కొట్టివేసిన మీ ఇంటి మాట ఏదైనా గుర్తుంటే, కింద రాయండి. ఈసారి దిద్దను.